వాకిలే బడి: చిత్తూరు సీమలో రచన నేర్పిన చోట్లు

తిరుపతిలో పాట నేర్చుకోవాలంటే కళాశాల ఉంది. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల 1959 నుంచి నడుస్తోంది. నాదస్వరానికి, డోలుకు వేరే పాఠశాల ఉంది. రాతిలో దేవుణ్ణి చెక్కే విద్యకు 1960లో పెట్టిన శిల్ప శిక్షణ సంస్థ ఉంది. కొండమీద ధర్మగిరిలో వేదపాఠశాల 1884 నాటిది. కథ రాయడం నేర్చుకుంటానని ఒక పల్లె పిల్లవాడు తిరుపతి బస్టాండులో దిగితే మాత్రం, ఫలానా చోటికి పో నాయనా అని చూపించడానికి రచన కోసమే కట్టిన గడప ఒకటీ లేదు.

అయినా ఈ నేల రాసింది. ఆరు వందల ఏళ్ళుగా రాస్తూనే ఉంది. అన్నమయ్య, తరిగొండ వెంగమాంబ, కట్టమంచి రామలింగారెడ్డి, మధురాంతకం రాజారాం, వల్లంపాటి వెంకటసుబ్బయ్య, కేశవరెడ్డి, నామిని. వీళ్ళలో ఒక్కరూ రచనా తరగతికి వెళ్ళినవాళ్ళు కారు. అట్లాగని ఏ తోడూ లేకుండా నేర్చుకున్నవాళ్ళూ కారు. ఒకరికి ఇల్లే బడి. ఒకరికి తిరునాల. ఒకరికి కాలేజీ వరండా, ఇంకొకరికి పత్రికాఫీసు. ఈ సీమలో రచనాభ్యాసం ఎప్పుడూ ఇతరుల చోట్లలోనే సాగింది. ఆ చోట్లను ఒక్కసారి వెనుదిరిగి చూడాలని ఈ ప్రయత్నం. 1911లో ఉత్తరార్కాటు, కడప జిల్లాల తాలూకాలు కలిపి చేసిన చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్‌లో విడిపోయింది. తిరుపతి వేరే జిల్లా అయింది, మదనపల్లె వైపు అన్నమయ్య జిల్లాలోకి పోయింది. సాహిత్యంలో ఆ గీతలు ఇంకా పడలేదు గనుక పాత జిల్లానంతా ఒకటిగానే చూస్తున్నాను.

మొదటి బడి తాళ్లపాక వారి ఇల్లు. అన్నమాచార్యులు (1408–1503) 1424లో మొదలుపెట్టి కడదాకా రాశాడని రాగిరేకులే చెబుతున్నాయి. రోజుకు ఒక సంకీర్తనకు తక్కువ కాకూడదన్న నియమం ఆయనదని సంప్రదాయం. మొత్తం 32 వేలని ప్రతీతి, మనకు దక్కినవి దాదాపు 12 వేలు. ఆ సంఖ్యకన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ ఇంట్లో జరిగిన పని. భార్య తిమ్మక్క ‘సుభద్రా కల్యాణం’ రాసింది. కొడుకు పెదతిరుమలాచార్యులు రాశాడు. మనవలు చినతిరుమలాచార్యులు, చిన్నన్న రాశారు. తాత జీవితాన్ని ద్విపదలో చెప్పింది చిన్నన్నే. ఒకే ఇంట్లో మూడు తరాలు ఇట్లా రాసిన ఉదాహరణలు తెలుగులో ఎన్ని ఉన్నాయి? పుట్టుకతో వచ్చిన ప్రతిభ అని సరిపెట్టుకుంటే అది ఆ ఇంటికి అన్యాయం. అక్కడ పొద్దున పాట కట్టేవాళ్ళు, వినేవాళ్ళు, రాగం నిర్ణయించేవాళ్ళు, రేకుమీద చెక్కించేవాళ్ళు కలిసి బతికారు. రాసినదాన్ని వెంటనే వినిపించుకోవడానికి ఇంట్లోనే చెవులున్నాయి.

అన్నమయ్య సంకీర్తన ఎట్లా ఉండాలో చెబుతూ సంస్కృతంలో ఒక లక్షణ గ్రంథం రాశాడు. అది పోయింది. మనవడు చినతిరుమలాచార్యులు దాన్ని ‘సంకీర్తన లక్షణం’గా తెలుగులో చెప్పాడు, అది మిగిలింది. ఎట్లా రాయాలో చెప్పిన పుస్తకాల్లో ఈ కొండ దగ్గర పుట్టినది బహుశా అదే మొదటిది. తాను చేసిన పనిని పక్కవాడికి అప్పజెప్పాలన్న తపన లేకపోతే వేల పాటలు రాసే తీరిక లేని మనిషి లక్షణం రాయడానికి కూర్చోడు. దంపుళ్ళ పాట, జోలపాట, జాజర, సువ్వి, ఆడవాళ్ళు పనిపాటల్లో పాడుకునే వరసలన్నీ ఆయన తన సంకీర్తనల్లోకి తెచ్చుకున్నాడు. అంటే ఆ బడికి పాఠాలు వీధిలోనుంచి వచ్చాయి. తరవాత రేకులు కొండమీద అరలో చాలాకాలం ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్ళు కూర్చుని వాటిని చదివి, అచ్చుకెక్కించి, పాడించేదాకా ఆ పాఠం మళ్ళీ మనకు అందలేదు.

రెండో బడికి గోడలు లేవు. చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుడులు, ద్రౌపదమ్మ గుడులు ఉన్న ఊళ్ళలో భారతం మిట్ట అని ఒకటుంటుంది. తిరునాల వచ్చిందంటే పద్దెనిమిది రోజులు పగలు హరికథగా భారతం చెబుతారు, రాత్రి అదే కథను వీధినాటకంగా ఆడతారు. అర్జునుడు తపసుమాను ఎక్కే రోజుకు చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలి వస్తాయి. చివరిరోజు పొడుగ్గా మట్టితో చేసి పడుకోబెట్టిన దుర్యోధనుడి బొమ్మ దగ్గర భీముడు కథ ముగిస్తాడు. తెలిసిన కథే. ప్రతి ఏడూ వినే కథే. అయినా రేపు రాత్రికి మళ్ళీ రావాలనిపించేటట్టు ఎక్కడ ఆపాలో హరిదాసుకు తెలుసు. పాత్ర నోట్లో పండితుడి మాట ఎక్కడ పెట్టాలి, ఊరి మాట ఎక్కడ పెట్టాలి అన్నది వీధినాటకం ఆడేవాడికి తెలుసు. ఇవి రెండూ కథనంలో కష్టమైన పాఠాలు. ఈ జిల్లా కథకుల్లో నోటితో చెప్పినట్టు రాయగల శక్తి అంత విస్తారంగా ఎందుకుందీ అని ఆలోచించినప్పుడల్లా నా మనసు భారతం మిట్టకే పోతుంది. ఇది నిరూపించగల మాట కాదు, కానీ ఇక్కడి కథలు చదివినకొద్దీ ఈ నమ్మకం బలపడుతోంది.

కార్వేటినగరం ఆస్థానంలో సారంగపాణి వేణుగోపాలుడి మీద పదాలు కట్టినప్పుడు జనం నోటి మాటను అట్లాగే వాడుకున్నాడు. ఆ తరవాత తరిగొండ వెంగమాంబ (1730–1817). చిన్నతనంలోనే వైధవ్యం. ఆడపిల్లకు చదువు చెప్పే బడి లేని కాలం. మదనపల్లెలోని సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు ఆధ్యాత్మిక గురువు, ఛందస్సు చెప్పినవాళ్ళంటూ ఎవరూ లేరని ఆమే తన కావ్యంలో చెప్పుకుంది. అయినా శతకం, ద్విపద భాగవతం, ‘వేంకటాచల మాహాత్మ్యం’, యక్షగానాలు రాసింది. యక్షగానం రాయాలంటే ఆట చూసి ఉండాలి, పాట విని ఉండాలి. గుడి ముందు ఆడే ఆటే ఆమెకు పుస్తకమై ఉండాలి. చదువుకు దూరంగా ఉంచిన మనిషి చెవులతోనే విద్య గడించడం ఎంత కష్టమో తలచుకుంటే ఆమె మీద గౌరవం రెట్టింపవుతుంది. తిమ్మక్కకు ఇల్లు తోడుంది, వెంగమాంబకు ఆ తోడు కూడా లేదు. తరవాతి కాలంలో ఈ సీమలో ఎందరు ఆడవాళ్ళు రాయగలిగీ రాయకుండా పోయారో లెక్క ఎవరి దగ్గరా లేదు.

ఆధునిక కాలానికి తలుపు తీసినవాడు చిత్తూరు పక్కనే కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివే రోజుల్లో ఒక కావ్య రచనా పోటీకి రాసిన ‘ముసలమ్మ మరణం’తో ఆయన పేరు బయటికి వచ్చింది. పోటీ అనేది ఒక గడువు పెడుతుంది, చదివేవాడొకడు ఉన్నాడన్న భరోసా ఇస్తుంది. కుర్రవాడికి ఆ రెండూ చాలు. ఊరి చెరువు నిలవడానికి ప్రాణమిచ్చిన అనంతపురం సీమ కోడలిని కావ్యనాయికను చేయడం ఆనాటికి సాహసం. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి 1914లో ‘కవిత్వ తత్త్వ విచారం’ తెచ్చాడు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ ముందు పెట్టుకుని, కథ కట్టడం అంటే ఏమిటి, పాత్రలు నిలబడటం అంటే ఏమిటి, భావనాశక్తి అంటే ఏమిటి అని ఒక్కొక్కటీ విప్పి చూపించాడు. పండితులు కోపగించుకున్నారు. ఆ కోపం తగ్గి పుస్తకం మిగిలింది. రాసేవాడు పాత కావ్యాన్ని పూజించడంతో ఆగకుండా అది ఎట్లా కట్టారో విప్పి చూసుకోవచ్చునన్న ధైర్యం తెలుగువాళ్ళకు ఆ పుస్తకం ఇచ్చింది. చినతిరుమలాచార్యుల తరవాత ఇది ఈ సీమ ఇచ్చిన రెండో పాఠ్యగ్రంథం అంటాను.

ఆ రోజుల్లోనే మదనపల్లెలో ఇంకో రకం గాలి వీచింది. అనీబిసెంట్ 1915లో అక్కడ దివ్యజ్ఞాన కళాశాల నెలకొల్పింది. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ అక్కడ పాఠాలు చెప్పాడు, ప్రిన్సిపాలుగా పనిచేశాడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు వచ్చి కొన్నాళ్ళు ఆ ఆవరణలో ఉన్నప్పుడే ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చాడు. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరలిపి సిద్ధం చేసింది. ఈ ముచ్చట అందరికీ తెలుసు. అంతగా చెప్పుకోనిది ఇంకొకటుంది. తరవాత కొన్నేళ్ళకు మైసూరులో ఒక కుర్రవాడు తాను ఇంగ్లీషులో రాసిన పద్యాలు పట్టుకుని కజిన్స్ దగ్గరికి వెళ్ళాడు. నీ భాషలో ఏం రాశావు చూపించు అని కజిన్స్ అడిగాడు. ఆ కుర్రవాడు కువెంపు. కన్నడానికి ఆ ప్రశ్న ఎంత మేలు చేసిందో కన్నడిగులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ప్రశ్న అడగగల మనిషి అంతకుముందు మన మదనపల్లెలో పాఠాలు చెప్పి వెళ్ళాడు. ఇక్కడ ఆయన దగ్గర చదివిన తెలుగు పిల్లల్లో ఎవరినైనా ఆ మాట అడిగి ఉంటాడా అని అనుకోకుండా ఉండలేను.

చిత్తూరు ఊళ్ళో నాటకం పెద్ద బడి. తరవాత సినిమా నటుడైన చిత్తూరు నాగయ్య రామవిలాస సభ వేసిన నాటకాల్లోనే వేషం కట్టడం నేర్చుకున్నాడు. సంభాషణ ఎక్కడ పేలుతుందో, ఎక్కడ చప్పబడుతుందో ప్రేక్షకులే అప్పటికప్పుడు తేల్చి చెప్పే చోటు అది.

తిరుపతికి విద్యాసంస్థలు వరసగా వచ్చాయి. 1939లో ప్రాచ్య పరిశోధనా సంస్థ, తరవాత ఆర్ట్స్ కాలేజీ, పద్మావతి మహిళా కళాశాల, 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం. తెలుగు శాఖలో పింగళి లక్ష్మీకాంతం వంటి పెద్దలు పాఠం చెప్పారు. భాషాశాస్త్రంలో జి.ఎన్. రెడ్డి పేరు నిలిచింది. కడప నుంచి వచ్చిన కేతు విశ్వనాథరెడ్డి ఇక్కడే చదివి, తన జిల్లా ఊళ్ళ పేర్ల మీద పరిశోధన చేశారు. తిరుపతి పక్కన కుంట్రపాకంలో పుట్టిన రాచపాళెం చంద్రశేఖరరెడ్డి ఇక్కడే చదివి విమర్శకుడై, 2014లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. విశ్వవిద్యాలయం ఈ సీమకు పండితులను, భాషావేత్తలను, విమర్శకులను ఇచ్చింది. కథ రాయడం, పద్యం రాయడం మాత్రం తరగతి గదిలో పాఠం కాలేదు. క్లాసు అయ్యాక వరండాలోనూ, హాస్టలు గదిలోనూ జరిగింది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1936లోనే రచనకు ఒక కార్యశాల పెట్టి, రాసిన కథనే పరీక్షకు పెట్టే పద్ధతి తెచ్చింది. మన విశ్వవిద్యాలయాలు పుట్టినప్పుడు ఆ నమూనా కళ్ళముందే ఉంది. అయినా అవి సాహిత్య చరిత్ర చెప్పడమే తమ పని అనుకున్నాయి.

ఆ ఖాళీని కొంత ఉద్యమాలు నింపాయి. 1943లో తెనాలిలో మొదలైన అభ్యుదయ రచయితల సంఘం, 1970లో వచ్చిన విప్లవ రచయితల సంఘం (విరసం) రచయితలను ఒకచోట కూర్చోబెట్టడం నేర్పాయి. విరసం తన శిక్షణకు సాహిత్య పాఠశాల అనే పేరే పెట్టుకుంది. త్రిపురనేని మధుసూదనరావు తిరుపతిలో అధ్యాపకులుగా ఉన్న కాలంలో ఇక్కడి యువకులకు సాహిత్యాన్ని సమాజంతో కలిపి చదవడం ఆయన దగ్గరే తెలిసింది. ఉద్యమ పాఠశాలల్లో ఒక బలముంది. ఎవరికోసం రాస్తున్నావు అని అవి మొహమాటం లేకుండా అడుగుతాయి. ఒక లోటు కూడా ఉంది. వస్తువు మీద చర్చ తెల్లవార్లూ సాగి, వాక్యం దగ్గరికి వచ్చేసరికి అందరూ అలిసిపోతారు.

వాక్యం దగ్గర కూర్చున్న ఇద్దరి గురించి ఇప్పుడు ఆగి చెప్పాలి. ఇద్దరూ పాఠాలు చెప్పుకుని బతికినవాళ్ళే. ఇద్దరూ తిరుపతి పట్నంలో కాకుండా జిల్లాలో లోపలి ఊళ్ళలో ఉన్నవాళ్ళే.

మధురాంతకం రాజారాం (1930–1999) మొగరాలలో పుట్టి, మామిడికాయల మండీలకు పేరుపడ్డ దామలచెరువులో స్థిరపడిన బడిపంతులు. మూడు వందలకు పైగా కథలు రాశారు. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రైలు వచ్చిపోయే చిన్న ఊళ్ళో ఉంటూ, బడి వేళలు పోను మిగిలిన కాలంలో, రాష్ట్రమంతా చదివే వారపత్రికలకు కథలు పంపిన మనిషి ఆయన. ఇది ఈ జిల్లాలో రాయాలనుకున్న ప్రతి పంతులుకూ, ప్రతి గుమాస్తాకూ కళ్ళముందు కనబడే పాఠం అయింది. మద్రాసుకో విజయవాడకో పోనవసరం లేదు, మన ఊరి రైతు, మన ఊరి వీధినాటకం ఆడే ముసలివాడు, కరువులో వలసపోయేవాడు, వీళ్ళ బతుకు కథకు చాలు. పైగా ఆయన తమిళ కథలను తెలుగులోకి తెచ్చారు. సరిహద్దు జిల్లాలో ఉండి రెండు భాషలు వింటూ పెరిగినవాడికి పక్కింటి కథకుడు ఏం చేస్తున్నాడో తెలుస్తుంది. ఆ తెలివిడి ఆయన కథల నిర్మాణంలో కనిపిస్తుంది. ఆయన గొంతు పెంచరు, పాత్రను తిట్టరు. కథ చెప్పే మనిషి పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడతాడు. బడిలో చిన్నపిల్లలకు పాఠం చెప్పినవాడికే ఆ ఓర్పు అబ్బుతుందేమో.

ఆయన కుమారులు నరేంద్ర, మహేంద్ర ఇద్దరూ కథకులయ్యారు. తాళ్లపాక ఇంటి తరవాత ఈ సీమలో అటువంటి ఇల్లు మళ్ళీ దామలచెరువులో కనబడింది. రాజారాం పోయాక ఆయన పేరుమీద నరేంద్ర ‘కథావార్షిక’ సంకలనాలు తెచ్చారు. ఏడాదిలో వచ్చిన మంచి కథలను ఏరి ఒకచోట పెట్టడం, ఎందుకు మంచివో పరిచయంలో చెప్పడం కొత్తగా రాసేవాడికి ఇవ్వగల ఉత్తమ శిక్షణ. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యులుగా పనిచేసిన నరేంద్ర దేవదాసీ వ్యవస్థ నేపథ్యంతో రాసిన ‘మనోధర్మపరాగం’ నవలకు 2022 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తండ్రికీ కొడుక్కీ ఇద్దరికీ ఆ పురస్కారం రావడం అరుదైన సంగతి.

రెండో మనిషి వల్లంపాటి వెంకటసుబ్బయ్య (1937–2007). మదనపల్లెలో అనీబిసెంట్ పెట్టిన ఆ కాలేజీలోనే ఇంగ్లీషు చెప్పారు. మొదట కథలు, నవలలు రాశారు. తరవాత, తెలుగులో రాసేవాళ్ళకు లేనిది ఏమిటో కనిపెట్టి ఆ పనికి కూర్చున్నారు. ‘నవలాశిల్పం’, ‘కథాశిల్పం’, ‘విమర్శాశిల్పం’ అని మూడు పుస్తకాలు రాశారు. ‘కథాశిల్పం’కు 1999 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వస్తువు అంటే ఏమిటి, ఇతివృత్తం దానికన్నా ఎట్లా వేరు, ఎవరి దృష్టికోణం నుంచి చెబుతున్నావు, నేపథ్యం కథలో పని చేస్తోందా లేక ఊరికే ఉందా అని ఒక్కొక్క అంశాన్నీ తెలుగు కథలే ఉదాహరణలుగా పెట్టి వివరించారు. ఇంగ్లీషు విమర్శ చదివినవాడు ఆ పేర్లన్నీ దించి పాఠకుణ్ణి బెదరగొట్టడం తేలిక. ఆయన ఆ పని చేయలేదు. కొత్త కథకుడు ఒక రాత్రిలో చదివి మరునాడు తన కథను దిద్దుకోగల భాషలో రాశారు. శ్రీకాకుళంలో కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) ‘కథా కథనం’ ద్వారా చేసిన పనికి రాయలసీమ ఇచ్చిన జత ఇది. ఈ రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని తెలుగులో కథ నేర్చుకున్నవాళ్ళు వందల్లో ఉంటారని నా నమ్మకం. చివరి రోజుల్లో రాయలసీమ ఆధునిక సాహిత్యాన్ని సామాజికంగా, సాంస్కృతికంగా విశ్లేషిస్తూ మరో గ్రంథం రాసి వెళ్ళారు. ‘సంకీర్తన లక్షణం’, ‘కవిత్వ తత్త్వ విచారం’, ‘కథాశిల్పం’ మూడూ ఒకే జిల్లా వరసలో నిలబడటం నాకు యాదృచ్ఛికంగా తోచదు. రాసే విద్యను రహస్యంగా దాచుకోకూడదన్న గుణం ఏదో ఈ సీమలో ఉంది.

తిరుపతిలో ఆ పనిని మరో తీరున చేసినవారు పులికంటి కృష్ణారెడ్డి (1931–2007). కథకుడు, పదకవి, నటుడు. ‘కామధేను’ పత్రిక నడిపారు. చిన్న ఊరి పత్రిక ఆర్థికంగా ఎప్పుడూ కుంటుతూనే ఉంటుంది. కానీ కొత్తవాడి పేరు మొదటిసారి అచ్చులో కనబడేది అక్కడే. మద్రాసు వారపత్రిక నుంచి తిరిగొచ్చిన కథను ఊళ్ళో సంపాదకుడికి చేత్తో ఇవ్వొచ్చు, ఎందుకు బాగాలేదో నిలబెట్టి అడగొచ్చు.

1982లో ‘ఈనాడు’ తిరుపతి నుంచి వెలువడసాగింది. 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాయి. మండలానికొక విలేకరి కావలసి వచ్చాడు. పది, ఇంటరు చదివిన కుర్రవాళ్ళు రోజూ వంద మాటల్లో సంగతి చెప్పడం, గడువులోగా పంపడం, డెస్కు మీద ఎవరో కొట్టేసిన వాక్యాన్ని మరునాడు అచ్చులో చూసి నేర్చుకోవడం మొదలైంది. సాహిత్య చరిత్రలు పత్రికాఫీసు డెస్కును బడిగా గుర్తించవు. రాయలసీమ కథకుల్లో ఎందరు ఆ బల్లల దగ్గర పనిచేశారో చూస్తే గుర్తించక తప్పదు.

వాళ్ళలో అందరికన్నా పెద్ద మార్పు తెచ్చినవారు నామిని సుబ్రమణ్యం నాయుడు. తిరుపతి దగ్గర మిట్టూరు నుంచి వచ్చి, పత్రికల్లో పనిచేస్తూ, 1980ల నుంచి వరసగా ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’, ‘మునికన్నడి సేద్యం’ రాశారు. అప్పటిదాకా పాత్రల మాటల్లోనే యాస ఉండేది, కథ చెప్పే రచయిత మాత్రం కృష్ణా, గుంటూరు భాషలో చెప్పేవాడు. నామిని ఆ గోడ పడగొట్టారు. కథంతా మిట్టూరు నోటితోనే నడిచింది. అమ్మ ఎట్లా మాట్లాడుతుందో అట్లా. దీనివల్ల ఏం జరిగిందో ఈ జిల్లాలో పల్లెల నుంచి వచ్చిన ఏ రచయితనైనా అడగండి. మా ఇంట్లో మాట్లాడే మాట అచ్చుకు పనికిరాదన్న సిగ్గు పోయింది. అంతకన్నా పెద్ద పాఠం ఏ రచనా తరగతీ చెప్పలేదు. గోపిని కరుణాకర్ ‘దీపాల పున్నమి కథలు’ చదివితే ఆ తెరిచిన తలుపులోంచి ఎంత వింత వెలుగు లోపలికి వచ్చిందో తెలుస్తుంది. నెల్లూరు వైపు మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఆ దారిలో వచ్చినవే. ఆ ఖదీర్‌బాబే ఇప్పుడు కొత్త రచయితలను రెండు మూడు రోజులు ఒకచోట కూర్చోబెట్టే రైటర్స్ మీట్‌లు నిర్వహించడం, కథ ఎట్లా రాయాలో చెప్పే పుస్తకం రాయడం నాకు సంతోషం కలిగించే కొనసాగింపు. నామిని ‘ఇస్కూలు పిలకాయల కత’ రాశారు, బడిపిల్లల చదువును గురించి గట్టిగా మాట్లాడారు. పిల్లవాడి నోటిభాషను బడి గౌరవించకపోతే వాడు ఎన్నటికీ రాయడన్నది ఆయన పుస్తకాలన్నిటి వెనకా ఉన్న వేదన.

ఈ వరసలో డాక్టర్ కేశవరెడ్డి (1946–2015) వేరుగా నిలుస్తారు. చిత్తూరు పల్లెలో పుట్టి, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ, మనసులో మాత్రం చిత్తూరు చెట్టూ పుట్టా పెట్టుకుని ‘అతడు అడవిని జయించాడు’, ‘మూగవాని పిల్లనగ్రోవి’, ‘మునెమ్మ’ రాశారు. ఆయనకు సభలు లేవు, సంఘాలు లేవు. పుట్టిన నేల చెప్పిన కథలు, తాను చదువుకున్న ప్రపంచ నవలలు, ఆ రెండే గురువులు. బడి లేకుండానే పెద్ద రచయితలు వస్తారు కదా అనేవాళ్ళు ఆయన్ను చూపిస్తారు. నేను ఒప్పుకోను. ఆయనంత పట్టుదల, ఆయనంత చదువు, డాక్టరు ఉద్యోగం ఇచ్చిన నిలకడ ఉన్నవాళ్ళు ఎందరుంటారు? మిగిలినవాళ్ళ సంగతేమిటి?

కుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు ఇంకో ప్రయోగం జరిగింది. ఆ ప్రాంతం, కర్ణాటకలో కోలారు, తమిళనాడులో హోసూరు కలిస్తే పాత మొరసునాడు. మూడు రాష్ట్రాల గీతల మధ్య ఒకే తెలుగు. హోసూరులో తెలుగు బడులు తగ్గిపోతున్న కాలంలో కృష్ణగిరి జిల్లా తెలుగు రచయితలు సంఘం కట్టుకున్నారు. స.వెం. రమేశ్ వంటివాళ్ళు తోడు నిలిచారు. ఎన్నడూ కలం పట్టనివాళ్ళ చేత వాళ్ళ మాటల్లోనే కతలు రాయించి సంకలనాలు తెచ్చారు. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు ఈ మూడు రాష్ట్రాల కూడలిలో రచనకూ అనువాదానికీ గొప్ప కార్యశాల నిలుస్తుందని ఆశపడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ ఆశ ఇంకా వదులుకోలేదు.

పిల్లల దగ్గర జరిగిన పని తక్కువైనా బలమైనది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం తయారుచేసిన కార్డుల్లో ఊరి కథలకు, పాటలకు చోటిచ్చింది. పక్కన అప్పటి అనంతపురం జిల్లాలోని చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో వచ్చిన ‘కొత్తపల్లి’ పిల్లల పత్రిక బడిపిల్లలు రాసిన కథలను పెద్దల కథల పక్కనే అచ్చువేసింది. తిరుపతిలో సాకం నాగరాజ మంచి కథలను ఏరి సంకలనాలు చేసి, పిల్లల చేతికి పుస్తకం అందించే పనిని తన పనిగా పెట్టుకున్నారు. చదివే పిల్లలు లేకుండా రాసే పెద్దలు రారన్న సంగతి ఆయనకు తెలుసు.

2012 డిసెంబరులో నాలుగో ప్రపంచ తెలుగు మహాసభలు మూడు రోజులపాటు తిరుపతిలో జరిగాయి. ఊరంతా తోరణాలు, శోభాయాత్ర, దేశదేశాల నుంచి వచ్చినవాళ్ళు. భాషకు పండగ కావాలి, కాదనను. పండగ అయిపోయిన నాలుగో రోజు నుంచి రాసే కుర్రవాడికి ఏం మిగలాలన్నది అప్పుడే ఆలోచించి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఫోను చేతిలో ఉంది. 2012లో కవి యాకూబ్ మొదలుపెట్టిన కవి సంగమం ఫేస్‌బుక్కులో వేలమందిని కవిత్వానికి దగ్గర చేసింది. మన పల్లెల పిల్లలూ అందులో రాశారు. కానీ తెరమీద వచ్చే మెచ్చుకోలు కథను దిద్దదు. మూడో పేరాలో కథ నిలిచిపోయింది, ఇక్కడ నీ గొంతు మారింది, ఈ మాట మీ అమ్మ అనదు అని చెప్పడానికి ఎదురుగా ఒక మనిషి కూర్చోవాలి. రాజారాం, వల్లంపాటి ఉన్న రోజుల్లో అటువంటి మనుషులు దామలచెరువులోనో మదనపల్లెలోనో దొరుకుతారని తెలుసు. ఇప్పుడు ఎవరిని అడగాలో తెలియదు.

చోటు లేదన్న మాట ఒప్పుకోలేను. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయాలు ఈ మూడు జిల్లాల మండలాల్లో ఉన్నాయి. వాటిలో నెలకొక ఆదివారం సాయంత్రం ఒక గది తెరిపిస్తే చాలు. పది పదిహేను మంది, తలా ఒక రాతప్రతి, దాన్ని ముందే చదివి వచ్చే నియమం. పాఠం చెప్పడానికి రిటైరైన తెలుగు పంతుళ్ళున్నారు, డెస్కు మీద ముప్పై ఏళ్ళు వాక్యాలు దిద్దిన పాత్రికేయులున్నారు, పలమనేరు బాలాజీ, వి.ఆర్. రాసాని వంటి కథకులున్నారు. ఆడవాళ్ళు రాగల వేళ చూసి పెట్టాలి, పొద్దుపోయాక పెట్టకూడదు. తమిళం మాట్లాడే ఇంటి పిల్లలను, ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లలను పిలవాలి, వాళ్ళ తెలుగు ఎట్లా ఉంటే అట్లాగే రాయనివ్వాలి. మొదటి నెల చదవడానికి ఒక రాజారాం కథ, ఒక నామిని కత, ‘కథాశిల్పం’లో ఒక అధ్యాయం జిరాక్సు తీసి పంచితే సరిపోతుంది. రెండో నెల నుంచి వాళ్ళ కథలే చదవాలి.